గదులు నింపకండి, గోడ కట్టకండి

హోటల్ వ్యాపారం తెలిసినవాళ్లు ఎవరూ ఈ సలహాలు ఇవ్వరు. ఇంకెవరైనా ఇస్తే వినొద్దని కూడా అంటారు. గదులు కొన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచమని, కోతల రోజుల్లో గేటు మూసేయమని, ఊరివాళ్ల కాలిబాట మీ ఆవరణ మధ్యలోంచే పోనివ్వమని, డబ్బిచ్చి వచ్చిన అతిథి చేత కంచం కడిగించమని చెప్పబోతున్నాను. ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో, అందులోనూ నారాయణపట్న చుట్టుపక్కల, ఒక ప్రాంగణం పది కాలాలపాటు నడవాలంటే నగరంలో గెలిపించే తెలివి సరిపోదు. కొన్నిచోట్ల అది నిలువునా ముంచుతుంది.

ఈ వైపు పాత ప్రాంగణాలకు కొదవ లేదు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు జయపురం రాజ్యంలో పని మొదలుపెట్టారు. కోరాపుట్, సాలూరు, పార్వతీపురం, కోట్‌పాడ్, ఇలా స్థిరపడినచోటల్లా బంగళా, చర్చి, బడి, పిల్లల బోర్డింగు, నుయ్యి ఒక్క ఆవరణలో కట్టుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి జర్మన్లని వాళ్లను పంపేశారు. భవనాలు మిగిలాయి. 1958లో తూర్పు పాకిస్తాన్ శరణార్థుల కోసం దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది, ప్రధాన కార్యాలయం కోరాపుట్‌లో. దాని వెనకే క్వార్టర్లు, గోదాములు, వర్క్‌షాపులు లేచాయి. ఆ తర్వాత ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, స్వచ్ఛంద సంస్థల శిక్షణ కేంద్రాలు. పని అయిపోయినవీ నిధులు ఆగిపోయినవీ పెంకులు జారుతూ నిలబడి ఉన్నాయి.

వాటిలో ఒకటి మీ చేతికొచ్చిందనుకుందాం. ఐదారు భవనాలు, మధ్యలో ఖాళీ జాగా, రెండు చింతచెట్లు, ఒక నుయ్యి. బాగుచేసి శిక్షణ శిబిరాలకూ ధ్యాన శిబిరాలకూ ఆఫీసుల సమావేశాలకూ అద్దెకివ్వాలని మీ ఆలోచన. మంచి ఆలోచనే. విశాఖపట్నంలో తెల్లవారి బయల్దేరితే పార్వతీపురం, బంధుగాం మీదుగా మధ్యాహ్న భోజనానికి అందుకోవచ్చు. రైలైతే రాయగడ దాకా వచ్చి అక్కణ్ణుంచి జీపు. పని మొదలుపెట్టకముందే మీకు నాలుగు వైపుల నుంచీ సలహాలు వస్తాయి. నావీ వినండి.

పక్క పొలం రాయించుకోకండి

మొట్టమొదట వచ్చే సలహా ఇదే: "పార్కింగుకి జాగా చాలదు, పక్క రెండెకరాలూ లీజుకి తీసుకోండి. మీ పేరు మీద కుదరకపోతే డ్రైవరు పేరు మీద పెట్టండి." వద్దు. కోరాపుట్, రాయగడ జిల్లాలు మొత్తంగా షెడ్యూల్డు ప్రాంతం. ఆంధ్ర వైపు ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఎలాంటిదో, ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్ అలాంటిది. ఆదివాసీ భూమి గిరిజనేతరుడికి అమ్మడమొక్కటే కాదు, లీజు, తాకట్టు, దానం కూడా దాని కిందికే వస్తాయి. 2002 సవరణతో అది ఇంకా బిగిసింది. సరిహద్దు దాటితే చట్టం వదులవుతుందని పార్వతీపురంలో కొందరు అనుకుంటారు. ఆ ధైర్యంతో ఎవరూ ముందుకు పోకండి. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్ర వైపు తీర్పే అయినా, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గురించి మాట్లాడే ప్రతి ఊరి పెద్దకూ దాని సారం తెలుసు.

చట్టం ఒక ఎత్తు, జ్ఞాపకం మరో ఎత్తు. 2009లో నారాయణపట్న పేరు దేశమంతా వినబడింది. చేతులు మారిపోయిన పొలాల కోసం, సారాకూ వడ్డీలకూ వ్యతిరేకంగా చాసీ ములియా ఆదివాసీ సంఘం కదిలింది. ఆ నవంబరు 20న పోలీసు స్టేషను దగ్గర జరిగిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఒకరు సంఘం నాయకుడు సింగన్న. ఆ గొడవల్లో ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిపోయిన గిరిజనేతర, దళిత కుటుంబాలూ ఉన్నాయి. ఎవరి ఇంటికి వెళ్లి కూచున్నా ఆ ఏడాది గురించి చెప్పడానికి వాళ్లకు ఏదో ఒకటి ఉంటుంది. అలాంటిచోట మీరు తీసుకునే ప్రతి గజం జాగానూ జనం రెండుసార్లు చూస్తారు.

అందుకని ఉన్న ఆవరణలోనే సర్దుకోండి. దాని పట్టా ఎవరి పేరున ఉందో, ఆ పేరు మీదికి ఎలా వచ్చిందో పాత కాగితం దాకా వెనక్కి వెళ్లి చూడండి. తేడా కనబడితే బాగుచేత మొదలుపెట్టకముందే ఆగిపోండి. కాగితాలు సరిగా ఉన్నా ఊరి పల్లిసభలో కూర్చుని మాట్లాడండి. మీరేం చేయబోతున్నారో, ఎంతమంది వస్తారో, నీళ్లు ఎక్కణ్ణుంచి తోడుతారో అక్కడే చెప్పండి. ఇది మర్యాద కోసం చేసే పని అనుకోవద్దు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక నియమగిరి మీద రాయగడ, కలహండి జిల్లాల్లోని పన్నెండు పల్లెలు సభ పెట్టి, బాక్సైటు గని వద్దని పన్నెండుకి పన్నెండూ చెప్పాయి. సభ అంటే ఏమిటో ఇక్కడి మనుషులకు బాగా తెలుసు. వాళ్లు "వద్దు" అన్నదాన్ని మీరు కూడా వద్దనుకోవాలి.

గోడ కట్టకండి

ఖరీదైన అతిథులకు గోడ కావాలంటారు. గోడ, దాని మీద గాజుపెంకులు, గేటు దగ్గర గుర్ఖా. నేను చూసినంతలో పాత ప్రాంగణాలన్నిటికీ మధ్యలోంచి ఒక కాలిబాట ఉంటుంది. బోర్డింగు మూతపడి ఖాళీగా పడున్న ఏళ్లలో ఊరివాళ్లు వాగుకీ సంతకీ అడ్డదారి వేసుకుని ఉంటారు. పశువులూ అటే పోతాయి. గోడ కడితే ఆ బాట తెగుతుంది. కట్టెల మోపు నెత్తిన పెట్టుకున్న మనిషి ఆ రోజు నుంచీ చుట్టూ తిరిగి పోవాలి. ఆ మోపు బరువు ప్రతి రోజూ మీ పేరే తలుస్తుంది.

బాట ఉండనివ్వండి. అతిథుల గదుల కిటికీలు బాట వైపు లేకుండా చూసుకోండి, చాలు. మేకల కోసం చుట్టూ కిత్తనార కంచె వేయండి. బాట వచ్చే రెండుచోట్లా కంచె వదిలేయండి. రాత్రి కాపలాకి ఊరి మనిషినే పెట్టండి. గోడ ఆపలేని దొంగను, పరిచయమున్న మనిషి ఒక్క కేకతో ఆపుతాడు. ఈ ప్రాంతంలో భద్రత గురించి ఫోనులో భయంగా అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2012లో లక్ష్మీపూర్ ఎమ్మెల్యే ఝినా హికాకాను మావోయిస్టులు ఎత్తుకెళ్లి నెల రోజులు ఉంచుకున్న సంగతి వాళ్లు ఎక్కడో చదివి ఉంటారు. అడిగినవాళ్లకు పాతదీ ఇప్పటిదీ ఉన్నదున్నట్టు చెప్పండి. అయినా భయపడితే రావొద్దనండి. భయంతో వచ్చిన బృందం కిటికీలు తెరవదు, పల్లెలో ఎవరితోనూ మాట్లాడదు.

సిమెంటు మేస్త్రీని పంపేయండి

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. ప్రాంగణాలు చాలామటుకు చెడిపోయేది పాడుపడి కాదు, బాగుచేసేటప్పుడు.

పాత గోడను గోటితో గీకండి. తెల్లటి పొడి రాలి, అందులో మెరిసే ఇసుక రేణువులు కనబడితే అది గానుగ సున్నం. ఎర్రగా జారితే మట్టి. రెండూ తడిని పీల్చి, ఎండ రాగానే వదిలేస్తాయి. కోరాపుట్ జిల్లాలో ఏటా సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లో. ఆ తడిని గోడ వదలగలగాలి. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ దాని మీద సిమెంటు ప్లాస్టరు చేసి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేద్దామంటాడు. మొదటి ఏడు అద్దంలా ఉంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. రెండో వానాకాలానికి అడుగున మూరెడు ఎత్తు దాకా పొక్కులు లేచి, ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. అది కళ్లకు కనబడే నష్టం. కనబడనిది పైనుంటుంది. దూలం చివర గోడలోకి దూరినచోట తడి ఆగిపోయి కర్ర లోపల్లోపల కుళ్లుతుంది.

కాబట్టి ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని నిచ్చెనెక్కండి. ప్రతి దూలాన్నీ గోడను తాకినచోట పొడవండి. టక్కుమంటే గట్టిదే. మెత్తగా దిగిపోయి, మొన చుట్టూ గోధుమరంగు పొడి రాలితే ఆ గది అద్దెకివ్వకూడదు, ఎంత అందంగా ఉన్నా సరే. చెద మట్టిగీత గోడ వెంట పైకి పోతుంటే అది ఎక్కడ ఆగిందో చూడండి. నేను పని చూసుకున్న ఒకచోట గీత సరిగ్గా దూలం దగ్గర ఆగింది, దూలం రంగు కొత్తగా మెరుస్తోంది. లోపల చెయ్యి పట్టేంత డొల్ల.

సున్నం పనికి సున్నమే వాడండి. పాత మేస్త్రీలు పార్వతీపురం, సాలూరు వైపు ఇంకా ఉన్నారు. వెతకాలి, వాళ్ల వేగానికి ఓపిక పట్టాలి. సున్నం నానబెట్టిన వారం రోజులూ కూలీ వృథా అని మీ కాంట్రాక్టరు అంటే ఆ మాట వినకండి. పైకప్పు పెంకులదైతే రేకులకు మార్చకండి. రేకు కింద వాన పడుతుంటే సమావేశంలో ఒకరి మాట ఒకరికి వినబడదు, ఎండాకాలంలో మనుషులు కూర్చోలేరు. బెంగుళూరు పెంకులు పగిలితే అక్కడక్కడ మార్చుకోవచ్చు. నాటు పెంకులైతే ఏటా వానలకు ముందు తిరగేయించాలి. కాకిరిగుమ్మ దగ్గర గౌడగూడలో కుమ్మరి కుటుంబాలు ఉన్నాయి. మట్టి పని ఏది కావాలన్నా ముందు అక్కడ అడగండి, తర్వాతే పట్నం.

ఒక భవనం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి

ఐదు భవనాలుంటే నాలుగే అద్దెకివ్వండి. ఐదోది ఆ ఏడు బాగుచేతకు. పైయేడు ఇంకొకటి. ఇలా వంతు పెడితే ఏ కప్పూ ఐదేళ్లకు మించి చూడకుండా ఉండదు. అన్నీ నిండుగా ఉన్నచోట బాగుచేత ఎప్పుడూ వచ్చే నెలకే వాయిదా పడుతుంది. ఏ నెలా ఖాళీ దొరకదు.

ఎంతమందిని పట్టాలన్నది మంచాలు లెక్కపెట్టి తేల్చకండి. నుయ్యి లెక్కపెట్టండి. ఏప్రిల్లో ఒక సాయంత్రం నుయ్యి అడుగంటా తోడించి, పొద్దున్నే తాడుకి రాయి కట్టి ఎంత ఊరిందో కొలవండి. పట్టణ నీటి సరఫరాకు వాడే లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. పల్లెకు జల జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క 55. నలభైమంది అతిథులు పట్నపు అలవాట్లతో వాడే నీళ్లు దాదాపు వందమంది ఊరివాళ్ల వాటా. మీ బోరు ఆ నీటిని ఎక్కణ్ణుంచో గాల్లోంచి తేదు. కింద పల్లె చెలమలోకి పోవాల్సిన ఊటలోంచే తెస్తుంది. షవర్లు పెట్టకండి, బక్కెట్టూ చెంబూ పెట్టండి. కాగులో వేడినీళ్లు కాచి పొద్దున ఇవ్వండి. దీనికి విసుక్కున్న అతిథులు ఉంటారు, ఉండనివ్వండి.

మురుగు సంగతి ఇంకా ముఖ్యం. సెప్టిక్ ట్యాంకు కట్టడానికి జాగా ఎక్కడ తేలికగా దొరికితే అక్కడ కాదు, ఊరి నీళ్లకు దిగువన కట్టాలి. కొండ వాలులో మీరు పైనుంటే, కింద ఊట తాగేవాళ్లున్నారు. 2007 వానాకాలంలో కోరాపుట్, రాయగడ, కలహండి జిల్లాల్లో కలరా పల్లెపల్లెనూ తాకింది, చాలా ప్రాణాలు పోయాయి. 2022 జూలైలో కాశీపూర్ వైపు మళ్లీ వచ్చింది. ఈ ఊళ్లలో పాడైన ఊట అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ట్యాంకు కట్టాక ఆ దిగువన నీళ్లు వానలకు ముందోసారి, తర్వాతోసారి పరీక్ష చేయించండి. ఆ కాగితం మీ ఆఫీసులో దాచుకోకుండా పల్లెలో చదివి వినిపించండి.

మంచి సీజనులో మూసేయండి

అతిథులు రావాలనుకునేది నవంబరు నుంచి జనవరి దాకా. వలిసె చేలు పచ్చగా పూసి, పొద్దున మంచు కమ్మి, ఆకాశం కడిగినట్టుండే రోజులు. ఈ రోజుల్లోనే వరి కోత, చోడి కోత, నూర్పిడి. ఆ వెంటనే పూస్ పరబ్. మీ వంటమనిషీ తోటమాలీ గదులు ఊడ్చే అమ్మాయీ, అందరూ పొలం ఉన్నవాళ్లే, లేదా ఆ రోజుల్లోనే మంచి కూలి దొరికేవాళ్లు. కోత వారం, నూర్పిడి వారం ప్రాంగణం మూసేయండి. బుకింగు ఎంత పెద్దదైనా సరే. తేదీలు మీరు పెట్టకండి, పనివాళ్లను అడిగి పెట్టండి. చైత్రంలో వేట పండగ రోజులు కూడా అంతే. అరకు వైపు ఇటుకల పండగ చేసుకునేవాళ్లు దారికడ్డంగా కర్ర పెట్టి బళ్లను ఆపి చందా అడిగినట్టే ఇక్కడా ఆపుతారు. అది వాళ్ల సంబరం. విమానం అందుకోవాలని తొందరపడే అతిథి అందులో ఇరుక్కుంటే ఇద్దరికీ చేదే మిగులుతుంది.

జూలై, ఆగస్టుల్లో మాత్రం వానల వల్లే మూసేయాలి. లక్ష్మీపూర్ ఘాటీలో చరియలు విరిగి పడుతుంటాయి.

సంతరోజు ముఖ్యమైన కార్యక్రమం పెట్టొద్దు. ఒకచోట ఈ మాట నాకు చెప్పింది వంటామే. సంతనాడే డెబ్బైమందికి వంటని చెబితే ఆమె గరిటె కింద పెట్టి అడిగింది: "మీకు వండుతూ ఇక్కడ కూకుంటే మా ఇంటికి ఉప్పు, ఎండుచేప ఎవులు తెత్తారు బాబూ? మళ్లీ వారం దాకా సంత లేదు గదా." ఆ రోజు మధ్యాహ్నం ఉప్మా, మజ్జిగ పెట్టి అందర్నీ సంతకు పంపాం.

సంత దోచుకోకండి

ఊళ్లోనే కొనండి అని అందరూ చెబుతారు. నిజమే, కానీ సగమే నిజం. వారపు సంతలో గుడ్లు ఇన్నే వస్తాయి, నాటుకోళ్లు ఇన్నే. యాభైమంది బృందం కోసం మీ జీపు పొద్దున్నే వెళ్లి మొత్తం ఎత్తేస్తే, తొమ్మిదింటికి వచ్చిన తల్లికి గుడ్డు దొరకదు, దొరికినా ధర పెరిగి ఉంటుంది. నెల ముందే ఇళ్లకు చెప్పి పెట్టండి. ఎవరు ఎన్ని కోళ్లు, ఎన్ని శేర్ల చోళ్లు, సామలు ఇస్తారో రాసుకోండి, సగం డబ్బు ముందే ఇవ్వండి. సంతకు మామూలు మనిషి వెళ్లినట్టు వెళ్లి మామూలుగానే కొనండి. నారాయణపట్న అల్లం పేరున్న పంట. దళారి చేతిలోంచి కాకుండా రైతు పెరట్లోంచి తీసుకోండి.

వంట ఇక్కడిదే పెట్టండి. పనీరు, బేబీకార్న్ కోసం విశాఖకు బండి పంపకండి. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, కందులో బొబ్బర్లో పప్పు, వెదురుకొమ్ముల కూర, ఆదివారం కోడి. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. జయపురం దగ్గర పాతరకాల వరి విత్తనాలు దాచిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇంత సంపద ఉన్న జిల్లాలో అతిథికి నగరపు హోటలు మెనూ పెట్టడం చిన్నతనం. పెద్ద వంట రోజున గ్యాసు మీద కష్టపడొద్దు. బయట గాడిపొయ్యి తవ్వించండి, గుండిగలు దాని మీద కుదురుగా కూచుంటాయి.

అతిథి చేత పని చేయించండి

కంచం ఎవరిది వాళ్లు కడుక్కోవాలి. కూరగాయలు తరగడానికి రోజుకో జట్టు. ఈ మాటకు మీ బుకింగు ఏజెంటు తల పట్టుకుంటాడు. స్కాట్లండులో అయోనా దీవి మీద శిథిలమైన మఠాన్ని 1938 నుంచి జార్జి మెక్లౌడ్ అనే ఫాదిరీ, పని లేక తిరుగుతున్న చేతిపనివాళ్లను కూడగట్టి తిరిగి కట్టించాడు. అక్కడ బస చేసే అతిథులకు ఈనాటికీ వంటింట్లో, ఊడ్చేదగ్గర వంతు పని ఉంటుంది. డబ్బు కట్టి వచ్చి పని చేయడం వింతగా అనిపించొచ్చు. కానీ మూడు రోజుల సమావేశంలో కుర్చీల్లో కుదరని మాటలు వంకాయలు తరుగుతూ కుదరడం నేను చాలాసార్లు చూశాను.

డ్రైవర్లకు వేరే బంతి వేయకండి. పెద్ద సార్లకు ఒక హాలు, డ్రైవర్లకు వెనక వరండా అన్న ఏర్పాటు అడిగిన బృందానికి, మా దగ్గర ఒకటే బంతి అని మొదటి ఫోనులోనే చెప్పేయండి. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో 1932లో మొదలైన హైలాండర్ బడిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల మీద తినేవాళ్లు. రోసా పార్క్స్ 1955 వేసవిలో అక్కడ శిబిరానికి వెళ్లింది, ఆ డిసెంబరులోనే బస్సులో సీటు వదలనంది. ఆ రాష్ట్ర ప్రభుత్వం 1961లో ఆ బడిని మూయించింది. ఎవరు ఎక్కడ కూచుని తింటారన్నది చిన్న విషయం కానే కాదు.

మందు, మంట, థింసా

రాత్రి మంట వేసి, సీసాలు తెరిచి, పల్లె ఆడవాళ్లను పిలిపించి థింసా ఆడించడం: ఈ మూడూ కలిపి ప్యాకేజీగా అమ్ముతారు. మూడూ వద్దు. సారా వల్ల పొలాలు పోగొట్టుకున్న మనుషులు దుకాణాలు మూయించడానికి పోరాడిన నేల ఇది. మీరు మద్యం పోసే ప్రాంగణం పెడితే పల్లెలో ఏ తల్లీ మీ ముఖం చూడదు. గదిలో దొరికినా శిబిరం ముగిసినట్టేనని ఒప్పందంలో రాయించండి.

నాట్యం సంగతి మరీ బాధ. 2012 జనవరిలో అండమాన్లో జారవా తెగ ఆడవాళ్లను తిండి చూపించి ఆడించిన వీడియో బయటికొచ్చి అందరూ తలవంచుకున్నారు. ఆ ఏడాదే ఒడిశా ప్రభుత్వం ఆదిమ తెగల ఊళ్లకు విదేశీ పర్యాటకులు వెళ్లడం మీద నియమాలు పెట్టింది. డబ్బిచ్చాం కదా అంటారు. సాయంత్రం దాకా కలుపు తీసి వచ్చిన మనిషి, ఐదువందల కోసం నవ్వుతూ చేతులు కలిపి తిరగడం చూసి చప్పట్లు కొట్టడానికి మనసెలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పండగనాడు వాళ్లే పిలిస్తే వెళ్లండి, ఓ పక్కన నిలబడండి. చాటికోనలో బుధవారం సంతకు నియమగిరి నుంచి డోంగ్రియా కొంధులు దిగి వస్తారు. అక్కడికి కెమెరాల బృందాన్ని తీసుకెళ్లే జీపు మీది కాకూడదు.

ఊరికి ఉచితం, ప్రభుత్వానికి ముందే డబ్బు

హాలు పల్లిసభకూ, బడిపిల్లల కార్యక్రమానికీ, ఊరి పెళ్లికీ ఉచితంగా ఇవ్వండి. క్యాలెండరులో వాళ్ల తేదీలు ముందు రాయాలి, మీ బుకింగులు తర్వాత. వాన పడి పెళ్లివాళ్లు వరండాలో వండుకుంటే నేల మసైపోతుంది, కడుక్కోవచ్చు.

అదే సమయంలో, ప్రభుత్వ శాఖల శిక్షణలు ఖాయంగా వస్తాయి కదా అని అప్పు మీద తీసుకోకండి. బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పలేరు, వంటామెకు మాత్రం శనివారం కూలి ఇవ్వాల్సిందే. అడ్వాన్సు లేకుండా ఏ శాఖకూ గది తాళం ఇవ్వొద్దు. మొహమాటపడకండి. కూలి ఏ రోజుది ఆ రోజే, చేతికే. బ్యాంకు వాయిదా రెండో వరుసలో ఉండాలి.

ఏసీల గురించి ఎక్కువ చెప్పను. ఎత్తయిన పెంకుటిల్లు, రెండు వైపులా వరండా, తెరిచే కిటికీలు ఉంటే అక్కర్లేదు. ఉన్న కరెంటు వోల్టేజికి అవి నిలవవు, జనరేటరు పెడితే దాని మోతలో ధ్యాన శిబిరం ఎలా జరుగుతుంది? ఆ డబ్బుతో ప్రతి మంచానికీ మంచి దోమతెర, చలికాలానికి రెండేసి దుప్పట్లు కొనండి. దోమతెరలు గదిలో మడిచి పెట్టడం కాదు, సాయంత్రం ఐదింటికే పనివాళ్ల చేత కట్టించండి. మలేరియాతో ఏళ్లకేళ్లు బాధపడిన జిల్లాలివి. పాముకాటు మందు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉందో ప్రతి సీజను మొదట్లో స్వయంగా వెళ్లి అడగండి. రాత్రిపూట ఒక బండీ డ్రైవరూ ఆవరణలోనే ఉండాలి. ఆ బండి అతిథికైనా పల్లెలో పురిటి నొప్పులకైనా ఒకేలా కదలాలి.

ఆఖరిగా అడ్వాన్సు సంగతి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివ్వం అని అందరూ రాస్తారు, మీరూ రాసుకోండి. కానీ ఘాటీలో చరియ పడో, బంద్ జరిగో, పల్లెలో చావై పనివాళ్లు రాలేకో శిబిరం ఆగితే అది అతిథుల తప్పు కాదు. అలాంటప్పుడు మొత్తం డబ్బు అదే రోజు వెనక్కి పంపేయండి. అందుకోసం ప్రతి బుకింగులోంచీ కొంత తీసి, ఎవరూ ముట్టుకోని వేరే ఖాతాలో ముందునుంచే వేస్తూ రండి.